నాయనమ్మ 'రి', స్కూలు 'రే'

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి, చాలావరకు ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"మా పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. అయిదో ఏట నుంచి మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో సంగీతం చెబుతున్నారు. ఆవిడ సంగీతంలో డిప్లొమా చేశారు. మాకు సాయంత్రం ఏడున్నర, ఆవిడకు పొద్దున్న ఆరు. వారానికి అయిదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు. సరళీలు, జంటలు, అలంకారాలు అనే మొదటి పాఠాలు అయిపోయి ఇప్పుడు గీతాల్లో, అంటే చిన్న పాటల్లో ఉంది. అయిదు శ్రుతిలో పాడుతుంది. స్కూల్లో కూడా మ్యూజిక్ క్లాస్ ఉంది. ఈ ఏడాది అందరికీ రికార్డర్ (పిల్లనగ్రోవి లాంటి ఊదే వాద్యం) ఇచ్చారు. క్వయర్‌కి అంటే పిల్లల బృందగానానికి, పాప తనంతట తనే పేరు ఇచ్చింది.

"నెల క్రితం మ్యూజిక్ టీచర్ మెయిల్ పెట్టారు. రిథమ్‌లో మా పాప క్లాసులో అందరికంటే ముందుందట. కానీ పాడేటప్పుడు స్వరాన్ని జారుస్తోందట, 'రే', 'లా' రెండూ కాస్త కిందికి పలుకుతున్నాయట. అదే వారం అత్తయ్యగారు, 'రిషభం, ధైవతం పైకి పోతున్నాయి, తాళం నిలవడం లేదు, ఆ ఇంగ్లీషు పాటల వల్లే ఇదంతా, స్కూల్లో పాట మాన్పించండి' అన్నారు. ఆ తర్వాత క్వయర్ ప్రాక్టీసులో పాప ఎక్కడో గమకం వేసిందట, అంటే స్వరాన్ని ఊపి పాడిందట. పక్కనున్న ఇద్దరు పిల్లలు 'గొంతు ఎందుకు వణికిస్తున్నావ్' అని నవ్వారట. అప్పటి నుంచి మూడు వారాలుగా పాప ఎక్కడా పాడడం లేదు. క్వయర్‌లో పెదవులు మాత్రం కదుపుతోంది. నాయనమ్మ కాల్ చేస్తే గొంతు నొప్పి అంటోంది. కారు ఎక్కితే చాలు పాడే పిల్ల, ఇప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది. మావారు 'రెండూ మాన్పించి మ్యాథ్స్ క్లాసులో వేద్దాం' అంటున్నారు. నాకు సంగీతం రాదు. రోజూ ఇదే టెన్షన్. రెండిట్లో ఏది మాన్పించాలో మీరే చెప్పండి."

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ రెండు వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీశాను. స్కూలు టీచర్ అన్నది: రే, లా కిందికి పోతున్నాయి. మీ అత్తయ్యగారు అన్నది: రిషభం, ధైవతం పైకి పోతున్నాయి. రే అంటే రిషభమే, లా అంటే ధైవతమే. ఏడు స్వరాలుంటే ఇద్దరూ సరిగ్గా ఆ రెండింటినే పట్టుకున్నారు, ఒకరు కిందికి అని, ఒకరు పైకి అని. ఇద్దరూ బాగా వినగలిగినవాళ్లే. అయినా చెరో మాట అంటున్నారంటే, లోపం పిల్ల గొంతులో లేదన్నమాట.

ఎందుకు ఇలా జరుగుతోందో చెబుతాను. మీకు సంగీతం రాకపోయినా అర్థమవుతుంది. మన దగ్గర పిల్లలకు మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో చెబుతారు. పురందరదాసు పెట్టిన పద్ధతి అని పెద్దలు చెప్పే మాట. స్కూల్లో నేర్పే 'డో రే మీ' మన శంకరాభరణానికి సరిపోతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా రెండే రెండు స్వరాలు: రిషభం, ధైవతం. స, గ, మ, ప, ని రెండింటిలోనూ ఒకటే. హార్మోనియం మీద ఒకటో శ్రుతిలో, అంటే స ఒక తెల్ల మెట్టు మీద ఉండేలా వాయిస్తే, మాయామాళవగౌళలో 'రి' స పక్కనే ఉన్న నల్ల మెట్టు. శంకరాభరణంలో 'రి' దాని తర్వాతి తెల్ల మెట్టు. ధైవతానికి కూడా అదే తేడా.

మూడేళ్లుగా 'రి' అనగానే మీ పాప గొంతు ఆ దగ్గరి మెట్టు మీదికి వెళ్లడానికి అలవాటు పడింది. స్కూల్లో టీచర్ 'రే' అనగానే గొంతు అక్కడికే వెళుతుంది. టీచర్‌కి అది కిందుగా వినిపిస్తుంది. పగలంతా 'రే' పాడి వచ్చి సాయంత్రం నాయనమ్మ ముందు కూర్చుంటే, 'రి' కాస్త పైకి జరుగుతుంది. ఆవిడకు అపస్వరంలా వినిపిస్తుంది. పిల్ల రెండు చోట్లా తప్పు అనిపించుకుంటోంది. రెండు చోట్లా తను చేసింది మాత్రం నేర్పింది నేర్పినట్టు పాడడమే.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. పాప మళ్లీ గొంతు విప్పిన రోజున, క్వయర్ పాటను ముందు మాటలతో పాడమనండి, తర్వాత డో రే మీ అక్షరాలతో పాడమనండి. మాటలతో పాడినప్పుడు సరిగా ఉండి, అక్షరాలతో పాడినప్పుడే 'రే' కిందికి వస్తే నా ఊహ నిజమైనట్టే. తేడా మీ చెవికి తెలియకపోతే ఫోన్‌లో రికార్డు చేసి ఆ టీచర్‌కే పంపండి.

ఇక తాళం సంగతి. స్కూల్లో రిథమ్‌లో ముందున్న పిల్లకు ఇంట్లో తాళం ఎందుకు తప్పుతుంది? వీడియో కాల్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది. మాట్లాడుకునేటప్పుడు అది మనకు తెలియదు, కలిసి తాళం వేస్తే తెలుస్తుంది. అత్తయ్యగారు రాజమండ్రిలో వేసిన దెబ్బ మీ ఇంటికి చేరేసరికి కొంత ఆలస్యం, పాప వేసింది తిరిగి ఆవిడకు చేరేసరికి ఇంకొంత. ఆవిడ స్క్రీన్ మీద చూసేసరికి పాప చెయ్యి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఇద్దరూ కలిసి తాళం వేయడం మానేసి, ఆవిడ ఒక వరుస పాడి ఆపాక పాప తాళం వేస్తూ పాడితే, ఈ ఫిర్యాదు చాలావరకు పోతుంది.

అసలు స్కూలు మ్యూజిక్ క్లాసులో ఏం నేర్పుతారో మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ చూసినట్టు లేదు. నేను కాకినాడలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాట చెప్పాను. అక్కడేదో ఆటలు ఆడిస్తారు అనే నేనూ అనుకునేదాన్ని. మూడేళ్ల క్రితం న్యూజెర్సీలో మా చెల్లెలి మనవడి స్కూలుకు వెళ్లి, ఒకటో తరగతి పిల్లల వెనక ఒక చిన్న కుర్చీలో కూర్చున్నాను.

ఇరవై మంది దాకా పిల్లలు, తివాచీ మీద గుండ్రంగా కూర్చున్నారు. టీచర్ మాటల్లో పలకరించలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి రెండు స్వరాల మీద పాడుతూ పిలిచింది. పిల్లలూ ఆ రెండు స్వరాల మీదే జవాబు చెప్పాలి. వాళ్ల భాషలో సో, మీ. మన లెక్కలో పంచమం, అంతర గాంధారం. ఒక పిల్లాడు సిగ్గుపడి గుసగుసగా చెప్పాడు. టీచర్ నవ్వి తర్వాతి పేరుకు వెళ్లిపోయింది. క్లాసు చివర్లో మళ్లీ వాడి పేరు పిలిస్తే ఈసారి పాడాడు. ఆవిడ వాడిని దిద్దలేదు, వదిలేయనూ లేదు. రెండోసారి పిలవడానికి గుర్తుపెట్టుకుంది, అంతే.

తర్వాత పిల్లలంతా నిలబడి ఒకే వేగంతో అడుగులు వేస్తూ, చేతులతో మాత్రం పాటలోని మాటల ప్రకారం చప్పట్లు కొట్టారు. కాళ్లు తాళం, చేతులు నడక. లయ కదలకుండా పైన నడక మారడమనే ఈ విషయాన్ని మనం అలంకారాల దాకా వచ్చాక పిల్లలకు చెబుతాం. అక్కడ ఆరేళ్లకే ఒంటికి పట్టిస్తున్నారు. మనం తకిట, తకధిమి అన్నట్టే వాళ్లు 'టా', 'టీ-టీ' అంటారు. స్వరాలకు చేతి గుర్తులు పడతారు, డో దగ్గర పిడికిలి, మీ దగ్గర అడ్డంగా చాచిన అరచెయ్యి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ అనే ఆయన తయారుచేసిన గుర్తులివి. తర్వాత హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయి పేరు మీద నడిచే పద్ధతి వీటిని తీసుకుంది. ఈ పద్ధతిలో డో ఒకే మెట్టుకు అంటుకుని ఉండదు, మన షడ్జం (స) లాగే పాటను బట్టి కదులుతుంది.

పక్క గదిలో రెండో తరగతి వాళ్ల ముందు చెక్క పలకల వాద్యాలు పెట్టారు. పలకలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. టీచర్ ఫా, టీ పలకలు తీసేసి, మిగిలిన అయిదింటి మీద మీ ఇష్టం వచ్చినట్టు వాయించండి అంది. మధ్యమం, నిషాదం తీసేస్తే శంకరాభరణంలో మిగిలేది మోహన రాగం. పాతికమంది పిల్లలు తలో దిక్కు వాయిస్తున్నా ఎక్కడా చెవికి గుచ్చుకోలేదు. ఎందుకంటే ఆ అయిదు స్వరాల్లో ఏ రెండు కలిసినా ఒరిపిడి ఉండదు. ఆ మధ్యాహ్నం నేను కళ్లు తుడుచుకున్నాను. ముప్పై ఏళ్లలో నేను ఏ పిల్లకూ 'నీ ఇష్టం వచ్చింది వాయించు' అని చెప్పలేదు.

కాబట్టి అత్తయ్యగారితో ధైర్యంగా చెప్పవచ్చు, స్కూల్లో జరుగుతున్నది సంగీతమే. ఆవిడ ఇస్తున్నదీ స్కూలు ఇస్తున్నదీ వేర్వేరు. ఆవిడ దగ్గర పాప ఒక్కతే పాడుతుంది. ఒక స్వరాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా కదపాలో, రాగం అంటే ఏమిటో అక్కడ వస్తుంది. అవి స్కూల్లో రావు. స్కూల్లో పదిమందితో గొంతు కలపడం, తన గొంతు తగ్గించి పక్కవాళ్లను వినడం వస్తాయి. ఇది ఎంత గొప్ప గురువుకైనా వీడియో కాల్‌లో నేర్పడం సాధ్యం కాదు.

ఇక నవ్విన పిల్లల గురించి. మీరు ఎక్కువ రాయలేదు కానీ, పాట ఆగిపోయింది ఆ రోజే. నాయనమ్మ దిద్దినప్పుడు ఆగలేదు, టీచర్ మెయిల్ వచ్చినప్పుడూ ఆగలేదు. నాయనమ్మ కష్టపడి నేర్పించిన గమకాన్ని స్నేహితుల మధ్య వేస్తే అది వణుకు అయింది. ఇక గమకం వేస్తే వీళ్లు నవ్వుతారు, వేయకపోతే ఆవిడ బాధపడుతుంది. ఏమీ పాడకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే మంచి దారి తోచలేదు. దాన్ని మొండితనం అనుకోకండి.

చాలా ఏళ్ల క్రితం వార్షికోత్సవానికి పాట నేర్పిస్తూ, శ్రుతి కలవని ఒక పిల్లతో 'నువ్వు పెదవులు కదిపితే చాలమ్మా' అన్నాను. ఆ అమ్మాయి పెద్దయ్యాక కనిపించి, పిల్లకు జోలపాట కూడా పాడలేదని చెప్పింది. ఆ మాట నా మీద ఇప్పటికీ బరువుగా ఉంది. మీ పాప పెదవులు మాత్రం కదుపుతోందని చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏది మాన్పించాలి అని అడిగారు. మీ ముందున్న దారులేమిటో, ఒక్కోదాంట్లో ఏం పోతుందో చెబుతాను, నిర్ణయం మీ ఇంట్లో తీసుకోండి.

స్కూలు పాట మాన్పించడం అనుకుంటే, మ్యూజిక్ క్లాస్ పాఠాల్లో భాగం, అది మాన్పించేది కాదు. మాన్పించగలిగింది క్వయర్ ఒక్కటే. అలా చేస్తే అత్తయ్యగారి మనసు కుదుటపడుతుంది. కానీ క్వయర్‌కి పాప తనే పేరు ఇచ్చింది. నాయనమ్మ పాట వల్ల స్నేహితుల పాట పోయింది అనే లెక్క పిల్ల మనసులో పడుతుంది. ఆ లెక్క ఎప్పటికో బయటికి వస్తుంది, అప్పుడు పోయేది కర్ణాటక సంగీతమే. పైగా నవ్విన చోటి నుంచి తప్పుకోవడమే పరిష్కారమని మనమే నేర్పినవాళ్లమవుతాం.

నాయనమ్మ పాఠం ఆపడం రెండో దారి. ఇది అనుకున్నంత ఘోరమేమీ కాదు. పదేళ్లకో పన్నెండేళ్లకో మళ్లీ మొదలుపెట్టి బాగా పాడినవాళ్లను చూశాను. పాపకు వెంటనే ఊరట వస్తుంది. అయితే రోజూ పొద్దున్నే లేచి, శ్రుతి పెట్టుకుని ఆ కాల్ కోసం కూర్చునే మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. తన పాటలో లోపం ఉందనే ఆపారని పాప కూడా అనుకోవచ్చు. ఆపాలనుకుంటే ఫలానా నెల దాకా విరామం అని తారీఖు చెప్పి ఆపండి. పాఠం ఆగినా కాల్ ఆగకూడదు. అదే ఏడున్నరకు కథ చెప్పుకున్నా చాలు.

మీవారు చెప్పిన దారి, రెండూ మాన్పించి లెక్కల్లో వేయడం. లెక్కల క్లాసు కావాలంటే వేయండి, దానికీ దీనికీ సంబంధం లేదు. పాడడం మానేసిన పిల్ల పాడకుండానే ఉండిపోతుంది, అంతే తేడా.

నాలుగోది, రెండూ ఉంచి రెండు నెలలు పద్ధతి మార్చడం. నా మనసు దీనివైపే ఉంది. అయితే దీనికి అత్తయ్యగారు కొంత తగ్గాలి, మీకు కొంత పని పెరుగుతుంది, గీతాలు వెనకబడతాయి. అంతా చేసినా పాప పాడకపోవచ్చు. అప్పుడు రెండో దారి ఎలాగూ ఉంది.

మొదట నలభై నిమిషాలను పదిహేనుకు తగ్గించండి, వారానికి మూడు రోజులు చాలు. మొదటి వారం పాప పాడనక్కర్లేదు, నాయనమ్మ పాడితే వింటుంది. రెండో వారం రికార్డర్ తెచ్చుకుని కూర్చోమనండి. ఇక్కడ మీ ఇంటికి ఒక అదృష్టం ఉంది. రికార్డర్ మీద పిల్లలకు ముందుగా నేర్పేవి సాధారణంగా మూడే స్వరాలు, పాశ్చాత్య పేర్లలో బి, ఎ, జి. ఎడమచేతి బొటనవేలు వెనక మూసి, ముందు ఒక వేలు పెడితే బి, రెండు పెడితే ఎ, మూడు పెడితే జి. మీ పాప పాడేది అయిదు శ్రుతి అని రాశారు. అయిదు శ్రుతి అంటే పాప 'స' జి మీద ఉంటుందన్నమాట. తంబురా యాప్‌ను అయిదులో పెట్టి పాప బి, ఎ, జి ఊదితే, రాజమండ్రిలో మీ అత్తయ్యగారికి వినిపించేది గ, రి, స, పై స్థాయిలో. ఆవిడకు ముందుగా ఏమీ చెప్పకండి. ఊదనివ్వండి. ఆవిడే స్వరం పేర్లు చెబుతారు. అప్పుడు పాపను అడగమనండి, 'నాయనమ్మా, ఈ రి నువ్వు నేర్పిన రి ఒకటేనా?' అని. కాదు, ఇది చతుశ్రుతి రిషభం, మనది శుద్ధ రిషభం అని ఆవిడ నోటితోనే వస్తుంది. అక్కడితో 'తప్పు' పోయి 'తేడా' మిగులుతుంది. పాప ఎలాగూ దీనికి తన పేర్లు తను పెట్టుకుంటుంది, నాయనమ్మ రి, స్కూలు రే అని.

గీతం బదులు కొన్నాళ్లు నొట్టు స్వరాలు చెప్పమని అడగండి. అత్తయ్యగారికి ఇవి తెలిసే ఉంటాయి. వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు, ఈస్టిండియా కంపెనీ వాళ్ల బ్యాండు వాయించే పాశ్చాత్య వరుసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. దాదాపు నలభై ఉన్నాయి. శంకరాభరణంలో, గమకాలు లేకుండా, తిన్నగా పాడుకునేవి. వాటిలో 'శ్యామలే మీనాక్షి' వరుస మీ పాపకు నర్సరీ నుంచి వచ్చిందే, 'ట్వింకిల్ ట్వింకిల్' వరుస. దీక్షితులంతటివారు పాశ్చాత్య వరుసను తీసుకుని అమ్మవారిని స్తుతించారంటే, 'ఇంగ్లీషు పాటల వల్ల గొంతు పాడైంది' అన్న మాటకు అంతకంటే మర్యాదైన జవాబు నాకు తెలియదు. దాన్ని మీరు చెప్పనక్కర్లేదు, ఆ పాట చెప్పమని అడిగితే చాలు.

అడిగేది ఎవరు అన్నది కూడా ముఖ్యమే. ఉత్తరమంతా టీచర్ మాట అత్తయ్యగారికి, ఆవిడ మాట పాపకు మీరే మోస్తున్నారు. 'నాకు సంగీతం రాదు' అంటూనే తీర్పు చెప్పాల్సిన చోట మిమ్మల్ని కూర్చోబెట్టారు. పాఠం తగ్గించమని కోడలు చెబితే ఒకలా వినిపిస్తుంది, కొడుకు చెబితే ఒకలా వినిపిస్తుంది. మీవారు ఒక ఆదివారం వాళ్లమ్మకు ఫోన్ చేసి, పాప మూడు వారాలుగా పాడడం లేదన్న నిజం చెప్పాలి. గొంతు నొప్పి అనే ఆవిడ ఇంకా నమ్ముతున్నారేమో. నిజం తెలిస్తే నాయనమ్మలు ఎంత తగ్గుతారో నేను చూశాను, నేనూ ఒక నాయనమ్మనే.

టీచర్‌కి మాత్రం మీరే రాయండి. మెయిల్‌లో మూడు సంగతులు చాలు. ఇంట్లో నేర్చుకుంటున్న రాగంలో రే, లా ఒక మెట్టు కిందుగా ఉంటాయని ఒకటి. స్వరాన్ని ఊపడం మన సంగీతంలో నేర్చుకుని చేసే పని, అలవాటు పొరపాటు కాదని రెండు. ఒకసారి ఇద్దరు పిల్లలు నవ్వారని, అప్పటి నుంచి పాడడం లేదని మూడు. పిల్లల పేర్లు రాయకండి. ఒక్కసారి నవ్వినదాన్ని పెద్ద కేసు చేస్తే మీ పాపే ఇబ్బంది పడుతుంది. క్వయర్ పాటలో అందరూ తిన్నగా పాడుతున్నప్పుడు పాప కూడా తిన్నగానే పాడాలి. ఆ విషయంలో టీచర్ న్యాయంగానే అడుగుతున్నారు, అది పాపకు చెప్పడంలో తప్పు లేదు.

టీచర్ బహుశా సంతోషపడి, పాపను క్లాసులో పాడి చూపించమంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ పాపను అడగకుండా ఒప్పుకోకండి. ఇప్పుడు ఒంటరిగా నిలబెడితే గొంతు రాదు. పిల్లలందరూ కలిసి ఒక స్వరాన్ని ఊపి చూసే ఆట ఏదైనా పెడతారేమో అడగండి. ప్రయత్నిస్తే అది ఎంత కష్టమో ఆ ఇద్దరికీ తెలుస్తుంది.

కారులో మాత్రం పాడమని అడగకండి. రేడియో కట్టేసి, మీకు వచ్చిన పాట ఏదో మీరే పాడండి. శ్రుతి ఎటు పోయినా పరవాలేదు. మీ రిషభం ఎక్కడుందో వెనక సీట్లోంచి పాపే చెబుతుంది.